మేడ మీది సభకు ఇస్లాహ్

మెట్టుగూడ మొహల్లా పై సభకు సంస్కరణ సంపూర్ణంగా జరిగిందని, కింది సభ కార్యదర్శి హోదాలో ప్రజలకు తెలియజేయడానికి సంతోషిస్తున్నాను.

మా మొహల్లాకు రెండు సభలున్నాయి. చేతులెత్తి ఎన్నుకున్న కింది సభ వీధిలో కూర్చుంటుంది. పై సభ నాగూర్ బాషా దర్జీ దుకాణం మేడ మీద కూర్చుంటుంది. అందులో తొమ్మిది మంది పెద్దలు, తొమ్మిది జతల మీసాలు. వారిని ఎవరు నియమించారో ఎవరికీ గుర్తులేదు. కింది సభ తీర్మానించిన దాన్ని ఆలోచించడం వారి పని. జాన్ బీ ఉండే గల్లీకి నల్లా వేయించాలన్న తీర్మానాన్ని ఆరేళ్లుగా అలుపెరగకుండా ఆలోచిస్తున్నారు. ఈలోగా ఆ ముసలామె రైలు పట్టాలు దాటి నీళ్లు మోస్తోంది. మొన్న ఎండాకాలం బిందెతో సహా పట్టాల మీద పడి మోకాలు చితికింది. నాకు నిజంగానే జాలేసింది. పై సభ విచారం వెలిబుచ్చింది.

అంతలో పోలీసు చర్య జరిగింది. నైజాం సర్కారు ఐదు రోజుల్లో లొంగిపోయింది గాని పై సభ లొంగలేదు. కొత్త సర్కారు ఉర్దూలో ఒక కాగితం పంపింది: పై సభను బర్ఖాస్తు చేయాలా, ఇస్లాహ్ చేయాలా?

మంగలి సోమయ్య వీధిలో నిలబడి గర్జించాడు. "ఈ మేడ సభ మనకెందుకు? బర్ఖాస్తే! నల్లా రానియ్యనోళ్లకు కుర్చీలేంది?"

"నీ నోట్లె చక్కెర పొయ్య, సోమయ్యా!" అంది జాన్ బీ.

మా దగ్గర సంస్కరణనూ ఇస్లాహ్ అంటారు, క్షవరాన్నీ ఇస్లాహ్ అంటారు. సర్కారు అడిగింది మొదటిది. పై సభకు అలవాటైంది రెండవది. అధ్యక్షులు బ్రహ్మచారి గారు లేచి ఉపన్యసించారు: "మహాశయులారా! ఇస్లాహ్‌కు భయమెందుకు? గడ్డానికి వారం వారం చేయించుకుంటున్నదే. దేశం కోసం మీసానికీ చేయించుకుందాం!"

సోమయ్యను మేడ మీదికి పిలిపించారు. తొమ్మిది గొంతుల మీద వరసగా కత్తి పెట్టే భాగ్యం కలిగినా, అతడు నల్లా మాట ఎత్తలేదు. పనిలో ఉన్నప్పుడు రాజకీయాలు మాట్లాడడు.

తనిఖీకి వచ్చిన అధికారికి ఉర్దూ రాదు. గోడ మీది పాత ఫోటోలోని మీసాలనూ, ఎదుట ఉన్న నున్నని ముఖాలనూ పోల్చి చూసి, పాతవాడు ఒక్కడూ మిగల్లేదని మెచ్చుకున్నాడు. సామాన్యుడు కూడా ఒకడుంటే బాగుంటుందని సలహా ఇచ్చి, పక్కనే కత్తి తుడుచుకుంటున్న సోమయ్యను పదో పెద్దగా నియమించి వెళ్లాడు.

మర్నాడు జాన్ బీ కుంటుకుంటూ మేడ మెట్లెక్కింది.

"సోమయ్యా, నల్లా ఏమాయె?"

సోమయ్య కుర్చీలో సర్దుకున్నాడు. "జెర సబర్ చెయ్, అక్కా. ఆలోచిస్తున్నం."

"నువ్వు సుత ఆలోచిస్తే, ఇగ నా తరఫున అడిగెటోళ్లెవరు?"

అంటూ ఆమె, గుమ్మంలో నిలబడ్డ నా వైపు చూసింది. నేను తల తిప్పుకున్నాను. పై సభలో పదకొండో కుర్చీ వేస్తున్నారని విని, ఆ ఉదయమే నేనూ ఇస్లాహ్ చేయించుకున్నాను.