ఖాళీ కుర్చీ కేకు

ఆ ఉదయం బేకరీ యజమాని పెట్టుకున్న పనులు రెండే. సెలూన్ వార్షికోత్సవానికి అడిగిన కేకు పూర్తిచేయడం, ఆ తర్వాత ఉతికిన చొక్కా తొడుక్కుని మునిసిపల్ ఛైర్మన్ గారింటికి వెళ్ళి అద్దె అగ్రిమెంటు మీద సంతకం పెట్టించుకు రావడం. కొట్టున్న భవనం ఛైర్మన్ గారిదే. ఆ సంతకం పడకపోతే వచ్చే నెల ఓవెన్ ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియదు.

కేకు మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది. క్షవరానికి కూర్చునే పెద్ద కుర్చీ. ఎర్ర దిండు, వెండి రంగు చేతులు. కూర్చున్నవాడు ఇప్పుడే లేచి వెళ్ళినట్టు దిండు మీద చిన్న గుంట కూడా పెట్టాడు. పనిమంతుడన్నాక అక్కర్లేని చోటే ఎక్కువ శ్రద్ధ పెడతాడు కదా.

ఆ బేకరీకి ఒక అలవాటు ఉంది. రోజూ మొదట తయారైన కేకు ఫొటో ఆన్‌లైన్‌లో బేకరీ పేజీలో పెట్టాలి. ఆ పని అత్తగారిది. జనం వచ్చేది అల్లుడి కేకుల కోసం కాదనీ, తన ఫొటోల కోసమనీ ఆవిడ గట్టి నమ్మకం. కింద రాసే వాక్యం ఏనాడూ మారదు: "ఈ రోజు మన ఆనందం ఇదే. వచ్చి నోరు తీపి చేసుకోండి." ఆ తర్వాత ఎవరేం రాసినా వదలకుండా జవాబిస్తారు. పలకరించినవాళ్ళకు బదులు చెప్పకపోవడం ఆవిడ పెరిగిన ఇంట్లో లేదు. వార్తలు మాత్రం చదవరు. బీపీ పెరుగుతుందట.

ఛైర్మన్ గారు నిద్రలోనే పోయారన్న వార్త ఊరి ఫోన్లన్నిటికీ చేరిన కాసేపటికి, ఏమీ తెలియని అత్తగారు ఆ ఫొటో పెట్టారు.

నీళ్ళ పన్ను పెంచి, పార్కుకు తాళం వేసి, ఎన్ని ఎన్నికలొచ్చినా కుర్చీ వదలని ఆయనను జనం ముద్దుగా ‘బంక’ అని పిలుచుకునేవారు. ఆయన ఎదురుగా నోరెత్తని వాళ్ళందరికీ ఆ ఉదయం వేళ్ళలోకి ఎక్కడలేని బలం వచ్చింది. నవ్వే బొమ్మలూ, గంతులేసే బొమ్మలూ పెట్టి పెట్టి అలిసిపోయిన జనానికి ఖాళీ కుర్చీ కేకు కనిపించింది. ఇంకేముంది, పేజీ మీద పడ్డారు.

"ఇన్నేళ్ళకు మంచి పని చేశారు" అని ఒకరు రాస్తే, "మీ అభిమానం. రోజూ చేస్తూనే ఉన్నాం" అన్నారు అత్తగారు. తమ వీధిలో ఇలాంటివాళ్ళు ఇంకా ఇద్దరున్నారని రాసినవాడికి, ఇద్దరిదీ కలిపి చెబితే ధర తగ్గించి చేస్తామని మాటిచ్చారు. కుర్చీ ఖాళీ అయిందంటే నమ్మలేకపోతున్నామన్న వారితో, "అంతా మా అల్లుడి చేతి పనితనం" అని గర్వంగా చెప్పుకున్నారు.

లోపల చొక్కా గుండీలు పెట్టుకుంటున్న అల్లుడి దగ్గరికి భార్య ఫోను పట్టుకుని వచ్చింది.

"ఏమండీ, ఛైర్మన్ గారు పోయారట. అది మీ చేతి పనితనమేనని అమ్మ ఊరందరికీ చెప్పింది."

అతను కొట్టులోకి పరుగెత్తి, ముందు ఆ కుర్చీ తీసేయమని అత్తగారిని బతిమాలాడు. ఆవిడ అద్దాల బీరువాలోంచి కేకు తీసి భద్రంగా డబ్బాలో పెట్టి, ఆ సంగతి పేజీలో కూడా తెలియజేశారు: "కుర్చీ తీసేశాం. కావలసినవారికి రేపటికి ఇంకా పది సిద్ధం చేస్తాం." అరగంటలో లైను వీధి మలుపు దాటింది. నిరసన తెలపడానికి వచ్చిన ఛైర్మన్ గారి అనుచరులిద్దరు లైను చూసి, ఎందుకైనా మంచిదని తామూ నిలబడ్డారు.

మధ్యాహ్నం ఛైర్మన్ గారి డ్రైవర్ వచ్చాడు. అమ్మగారు అల్లుడినీ, అత్తగారినీ ఇద్దరినీ రమ్మన్నారట. అల్లుడు ఓవెన్ వైపు ఆఖరిసారి చూసినట్టు చూశాడు. అత్తగారు బన్ను డబ్బా ఒకటి చంకన పెట్టుకుని కారెక్కారు.

ఛైర్మన్ గారి భార్య పూలదండల గుట్టల మధ్య ఒంటరిగా కూర్చుని ఉంది. అతను క్షమాపణ మొదలుపెట్టబోతే చేత్తోనే ఆపింది.

"పొద్దున మీ పేజీలో నేనూ రాశాను. పోయినాయన నా భర్త, మీకిది తగునా అని. మీ అత్తగారి జవాబు మీరే చదవండి."

ఆవిడ అందించిన ఫోనులో ఇలా ఉంది: "అయ్యో తల్లీ, ఎంత కష్టం వచ్చింది. పొద్దుటి నుంచి ఏమైనా తిన్నావా?"

"పెద్ద పెద్దవాళ్ళు ఫోన్లు చేశారు" అంది ఆవిడ. "ఆయన కుర్చీ ఎవరికిస్తారని అడిగారు. తిన్నావా అని అడిగింది ఈవిడొక్కరే."

కేకుకూ చావుకూ ముడిపడిందని అత్తగారికి అప్పటికీ తెలియదు. డబ్బా తెరిచి బన్ను తుంచి ఆవిడ చేతిలో పెట్టారు. ఆవిడ తింటూ ఏడ్చింది. పొద్దుటి నుంచి కొట్టు గురించి తప్ప ఇంకేమీ ఆలోచించని అల్లుడికి సిగ్గేసింది.

"కొట్టు ఎక్కడికీ పోదు. కాగితం పంపండి, నేను సంతకం పెడతాను" అంది ఆవిడ. "ఆయనది మంచి ఫొటో ఒకటి మీ పేజీలో పెట్టండి. నాకదే చాలు."

మర్నాడు పొద్దున్నే, కేకుల కంటే ముందు, అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ ఛైర్మన్ గారు చిరునవ్వు నవ్వుతున్న ఫొటో పెట్టారు. కింద రాసే వాక్యం మార్చమని మాత్రం ఆవిడకు ఎవరూ చెప్పలేదు.