బంగారు పిన్ను, కదపరాని సన్యాసమ్మ

ఒక దేశం బట్ట జారకుండా నిలబడాలంటే, ఆ బట్టను పట్టి ఉంచిన బంగారం ఎవరిదో ముందు తేలాలి. ఈ సత్యాన్ని కనిపెట్టిన ఘనత, సైనిక ప్రభుత్వ కాలంలో రంగూన్‌లో వెలసిన పురాతన బిగింపు నగల శాఖది. (గుండీలకు వేరే శాఖ ఉండేది. రెండింటికీ మాటల్లేవు.)

ఆ ఊళ్ళోనే బోటాటౌంగ్ పేటలో కాపురముండే సన్యాసమ్మకు ఒక బంగారు పిన్ను ఉంది. వాళ్ళ మామ్మ శ్రీకాకుళం వైపు నుంచి రంగూన్‌కు ఓడెక్కినప్పుడు పైట జారకుండా పెట్టుకున్నది. ఆవిడ గుర్తుగా మిగిలింది అదొక్కటే. పాత పిన్నులకు శాఖవారి ముద్ర వేయించుకోకపోతే జప్తు అని చాటింపు వేశారు. నగను చేత్తో పట్టుకెళ్తే దొంగసొత్తు అనుకుంటారని, సన్యాసమ్మ దాన్ని పైటకు పెట్టుకుని, బొట్టు దిద్దుకుని మరీ వెళ్ళింది. అక్కడే కొంప మునిగింది.

అధికారి ఊ ఛిట్ మౌంగ్ భూతద్దంలోంచి చూసి, పిన్ను రెండు వేల ఏళ్ళ నాటిదని తేల్చాడు.

"మా మామ్మే అంత పాతది కాదు, సయా," అంది సన్యాసమ్మ. (అయ్యగార్లను అక్కడ సయా అంటారు.)

నిబంధన ప్రకారం, పురావస్తువు దొరికిన చోటి నుంచి నిపుణుల సంఘం వచ్చేదాకా కదపరాదు. పిన్ను సన్యాసమ్మ మీద దొరికింది. కనుక సన్యాసమ్మ తవ్వకాల స్థలం. ఆమె చుట్టూ తాడు కట్టి సిపాయిని కాపలా పెట్టారు. అన్నం కారియరు తెచ్చిన మొగుడు పోలయ్యకు సందర్శకుల టికెట్టు కొట్టారు.

"ఇంటికి రావేటే?" అన్నాడు పోలయ్య తాడు అవతల నుంచి.

"ఎలా వత్తాను? నాను కదిలితే చరిత్ర చెడిపోద్దంట."

మర్నాడు సంఘం వచ్చింది. స్థలం శుభ్రంగా ఉందని మెచ్చుకుని, పిన్ను తీసుకుని, బదులుగా ఇనప పిన్నీసు ఇచ్చింది. బట్టను బిగించే నగ బట్ట మీదే భద్రమని శాఖ తీర్మానించింది. ఆ బట్ట ఊ ఛిట్ మౌంగ్ గారి భార్యదై ఉండాలని మరో తీర్మానం చేసింది. సన్యాసమ్మ ఇంటికొచ్చి ఆ పిన్నీసును చూసి ఏడ్చింది.

బర్మావాళ్ళ కొత్త సంవత్సరానికి నీళ్ళు చల్లుకునే నీళ్ళ పండగకు ఊ ఛిట్ మౌంగ్ దంపతులు పందిట్లో ముందు వరసలో కూర్చున్నారు. మామ్మ పిన్ను అమ్మగారి రవిక మీద తళతళలాడుతోంది. జనంలోంచి అది చూసిన సన్యాసమ్మ ఇంటికెళ్ళి బట్టలారేసే తాడు విప్పి తెచ్చి, అమ్మగారి కుర్చీ చుట్టూ నిదానంగా కట్టడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు ఊ ఛిట్ మౌంగ్.

"పిన్ను ఇక్కడ దొరికింది, సయా. సంఘం వచ్చేదాకా అమ్మగార్ని కదపకండి."

ఆయన నొచ్చుకోలేదు. నిబంధనల పుస్తకం తెప్పించి, శ్రద్ధగా చదివాడు. బట్టలారేసే తాడు కూడా బట్టల్ని పట్టి ఉంచేదే కనుక, దాన్ని శాఖ తరఫున స్వాధీనం చేసుకున్నాడు.