పరంధామయ్యగారి మాదిరి శిశు నిద్రాలయం

అంతర్జాతీయ బాలల సంవత్సరంలో మన చిత్తూరు వెనకబడిపోకూడదని, పసిపిల్లలను సక్రమంగా నిద్రపుచ్చేందుకు ఒక సంఘం వెలసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. అధ్యక్షులు పరుపుల వ్యాపారి పరంధామయ్యగారు. కార్యదర్శిని నేను. సభ్యులలో ఒక్క బిడ్డనైనా నిద్రపుచ్చిన అనుభవం ఎవరికీ లేదు కనుక నిష్పాక్షికతకు లోటు రాలేదు.

బెల్లం మండీ వెనక సందులో నాగులమ్మ అనే ఆమె ఉంది. మండీలో పనిచేసే ఆడవాళ్ళు పొద్దున్నే తమ బిడ్డలను ఆమె ఇంట్లో వదిలి, సాయంత్రం తీసుకుపోతారు. మేము తనిఖీకి వెళ్ళి చూసిన దృశ్యం పగవాడికి కూడా వద్దు. ఆరుగురు పసివాళ్ళు ఉత్త ఈతచాప మీద, వెల్లకిలా, తలకింద దిండైనా లేకుండా పడి ఉన్నారు. పైగా హాయిగా నిద్రపోతున్నారు. తమకేమి లేదో తెలియనంత పేదరికం అన్నమాట!

"పసిబిడ్డ ఎల్లకిలానే పండుకోవాల సామీ. మూతికాడ గుడ్డపేలిక గూడా ఉండకూడదు. ఊపిరాడాల గదా?" అంది నాగులమ్మ. చదువు లేనివాళ్ళు ఇలాగే చిన్న విషయాలను పట్టుకొని వేలాడుతారు.

వారం తిరక్కుండా పరంధామయ్యగారు ఆరు బూరుగుదూది పరుపులు దానం చేశారు. చెయ్యి పెడితే మోచేతి దాకా దిగబడేంత మెత్తన. వాటితోబాటు పట్టు గలీబుల దిండ్లు, రగ్గులు, ఉన్ని కుళ్లాయిలు. అది మే నెల. అయితే ఏం, ఎండగా ఉందని దానాన్ని తిరగ్గొట్టడం మర్యాదస్థులు చేసే పనా?

పెద్ద ఆఫీసరుగారు చూడడానికి వస్తున్నారని ముందురోజు ఒకసారి పిల్లలను పడుకోబెట్టి చూశాము. అయిదుగురు బుద్ధిగా ఉన్నారు. అక్కమ్మ కొడుకు, నాలుగు నెలలవాడు, సంఘానికి సహకరించలేదు. పరుపులో దిగబడి, పక్కకు దొర్లి, దిండులోకి మొహం దూర్చి, నీలంగా మారాడు. నాగులమ్మ గబుక్కున వాణ్ణి లాగి, వీపు తట్టి, వాడు ఏడ్చేదాకా తాను ఏడ్చింది. మాకూ గుండె గుభేలుమంది. పట్టు గలీబుకు చొంగ అంటింది మరి! "ఒక శిశువు అవిధేయత కనబరచెను" అని నేను మినిట్సులో నమోదు చేశాను.

"మీ పరుపులు మీరే తీస్కపోండయ్యా! ఈ బిడ్డకేమన్నా అయ్యుంటే వాళ్ళమ్మకు నా మొగం ఎట్ల సూపించేది?" అని నాగులమ్మ అరిచింది.

పరంధామయ్యగారు శాంతమూర్తి. "సూడమ్మా, రేపు ఆ పరుపుల మీద పిల్లోళ్ళు కనపడకపోతే నీ ఇంట్లో ఇంక ఒక్క బిడ్డ గూడా ఉండేదానికి లేదు. మూయించేస్తా," అన్నారు. మూతబడితే ఆ తల్లులు కూలికి పోవాలా, బిడ్డను చూసుకోవాలా?

మర్నాడు ఆఫీసరుగారు రెండు గంటలు ఆలస్యంగా, అనగా సకాలంలో, విచ్చేశారు. ఆరు పరుపుల మీద, మెడదాకా రగ్గులు కప్పుకొని, కుళ్లాయిలు పెట్టుకొని, గోడవైపు తిరిగి ఆరుగురూ పడుకొని ఉన్నారు. బ్యాండుమేళం మోగినా కదల్లేదు.

"ఏమి క్రమశిక్షణ!" అని ఆఫీసరుగారు ఉప్పొంగారు. "నా ఉపన్యాసం ముప్పావుగంట సాగినా విసుక్కోని పౌరులను ఈనాడే చూశాను. భావిభారతం ఇంత నిశ్చలంగా నిద్రిస్తున్నంత కాలం మనకు భయం లేదు!" అంటూ ఆరుగురినీ ఆశీర్వదించి, ఫోటో దిగి, కారెక్కారు.

కారు మలుపు తిరగగానే నాగులమ్మ రగ్గులు ఎత్తింది. ఒక్కో కుళ్లాయి కింద ఒక్కో దిండు. పిల్లలు పెరటి పంచలో చాప మీద కాళ్ళాడించుకుంటూ ఉన్నారు.

"నా బిడ్డల్ని మీ ఫోటోకి ఇచ్చేది లేదు. ఏం జేసుకుంటారో జేసుకోండి!" అంది.

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. ఆఫీసరుగారు ఆశీర్వదించినవారిని పిల్లలు కారనడం ప్రభుత్వధిక్కారం. కనుక ఆ ఆరుగురే పిల్లలని తీర్మానించి, పరుపులతో సహా పరంధామయ్యగారి అంగడి మేడమీదికి తరలించాము. నాగులమ్మ ఇంటిని మూయించడానికి వెళితే, అక్కమ్మా మిగతా తల్లులూ బెల్లం తట్టలు పట్టుకొని గుమ్మంలో నిలబడ్డారు. పెద్దమనుషులం, ఆడవాళ్ళతో మాకేల అని తిరిగొచ్చాము. వాళ్ళ పిల్లలు నేటికీ ఆ చాప మీదే. అక్కమ్మ కొడుకైతే పాకుతూ వీధిలోకి వచ్చేస్తున్నాడట. అదీ పెంపకం!

మా నిద్రాలయంలో మాత్రం ఏడు నెలలుగా ఒక దగ్గు లేదు, ఒక ఏడుపు లేదు. చూడవచ్చినవాళ్ళు మురిసిపోయి, కిందికి దిగి తమ పసివాళ్ళకు అలాంటి పరుపులే కొనుక్కుపోతున్నారు. ఇప్పటికి మూడువందల పన్నెండుమంది వచ్చి చూశారు. ఒక్కరైనా వంగి, ఆ ముక్కుల దగ్గర వేలు పెట్టి చూడలేదు. మీమీద కూడా మాకు అంతే నమ్మకం ఉంది. తప్పక రండి.