సర్పంచ్ కాకి సాక్ష్యం

నవ్వనని మాటిస్తే చెబుతాను. సిద్దిపేటలో ఇరవై ఏళ్లుగా స్టీలు సామాన్ల దుకాణం నడుపుతున్న నన్ను, అంటే ఈ మధుసూదన్‌ను, పదిమందిలో పట్టించింది ఒక కాకి.

మార్చి నెలాఖరులో డాక్టర్ నా షుగరు రిపోర్టు చూసి, మూడు నెలల్లో తగ్గకపోతే ఇన్సులిన్ సూదులే అన్నాడు. నాకు సూదంటే చచ్చేంత భయం. మా ఆవిడ రజిని ఆ రోజే అన్నం గిన్నె దాచి జొన్నరొట్టె మొదలుపెట్టింది. పొద్దున్నే కోమటిచెరువు కట్ట మీద గంటసేపు నడవాలని హుకుం జారీ చేసింది.

"నడిచినట్టు నాకు సబూతు కావాలె," అంది.

ఆ రుజువు ఫోన్‌లోనే దొరికింది. పక్షుల లెక్కల యాప్ ఒకటుంది. మనబోటివాళ్లు చూసిన పక్షులను లెక్కపెట్టి అందులో ఎక్కిస్తే శాస్త్రవేత్తలు వాడుకుంటారట. ఎక్కడ చూశాం, ఎంతసేపు చూశాం, ఎంత దూరం నడిచాం, అన్నీ మనమే రాయాలి. ఆ 'మనమే రాయాలి' అన్నది నాకు తెగ నచ్చింది.

"మెడల గదేంది?" అంది రజిని మర్నాడు.

"దుర్భిణి. నేనిప్పుడు పౌర శాస్త్రవేత్తను."

"పదో తరగతిల సైన్సు రెండుసార్లు తప్పినవు గదా."

"గది కూసొని చదివే సైన్సు. గిది నడిచే సైన్సు."

నడిచే సైన్సు చెరువుకు ఇవతలే, బాలనర్సయ్య టిఫిన్ బండి దగ్గర ఆగిపోయేది. రెండు ప్లేట్ల మైసూరు బోండా, బెంచీ మీద గంటసేపు పరిశోధన. పక్షుల విషయంలో మాత్రం అప్పటికి నేను అబద్ధమాడలేదు. కాకులు పదకొండు, గోరింకలు పద్నాలుగు, పిచ్చుకలు ఆరు, అన్నీ వేలు పెట్టి లెక్కపెట్టినవే. అవి ఎగిరిపోకుండా బోండా ముక్కలు వేసేవాణ్ణి. వంకర కాలు కాకి ఒకటి ముందుగా వచ్చి మిగతావాటి మీద పెత్తనం చేసేది. దానికి సర్పంచ్ అని పేరు పెట్టాను. చివర్లో 'నాలుగు కిలోమీటర్ల నడక' అని రాసి, ఇంటికెళ్లి రజినికి చూపించేవాణ్ణి.

"చెరువు కాడ నీళ్లపిట్ట ఒక్కటి గూడ కనబడ్తలేదా?" అనేది.

"ఎండలకు లోపల మునిగి ఉంటున్నయి."

ఆ అనుమానం తీర్చేద్దామని మే నెలలో ఒకరోజు, యాప్‌లో బొమ్మ బాగుందని తల మీద నల్ల చారలున్న ఒక బాతుకు టిక్కు పెట్టాను. ఒకటే అంటే బాగుండదని నలభై అని రాశాను.

ఆ వచ్చిన ఆదివారం పొద్దున ఆరింటికి తలుపు తీశాను. గేటు ముందు పన్నెండు మంది, మోచేయంత కెమెరాలతో నిలబడి ఉన్నారు. ముందున్న అమ్మాయి పేరు స్నిగ్ధ, కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుందట.

"అంకుల్, గా బాతులు హిమాలయాలు దాటి చలికాలంల వస్తయి. ఎండలు ముదరకముందే పోతయి. మే నెలల నలభై అంటే మామూలు ముచ్చట కాదు. జర జాగ చూపిస్తరా?"

"నిన్ననే ఎగిరిపోయినయి," అన్నాను.

"జాగ అయితే ఎగిరిపోదు గదా," అంది వెనక నుంచి రజిని. అప్పటికే చెప్పులేసుకుని ఉంది.

చెరువుకు తిన్నగా వెళ్తే బాలనర్సయ్య బండి తగులుతుంది. వెనక సందులో నుంచి పోదామన్నాను. "వద్దు, గిట్లనే పోదం," అంది రజిని. నేను తలకు తువ్వాలు చుట్టుకుని గుంపు మధ్యలో దూరాను.

బండి ఇంకా ఇరవై అడుగులుందనగా కరెంటు తీగ మీద నుంచి సర్పంచ్ ఒక్క అరుపు అరిచింది. కాకులన్నీ, గోరింకలన్నీ వచ్చి నా కాళ్ల చుట్టూ వాలాయి. సర్పంచ్ ఏకంగా నా భుజం మీద కూర్చుని జేబులో ముక్కు పెట్టింది. పన్నెండు కెమెరాలు ఒక్కసారిగా టకటకమన్నాయి.

"కాకులు మనుషుల మొఖాలు గుర్తువెట్టుకుంటయి," అంది స్నిగ్ధ. "ఎన్ని దినాల సంది మేపుతున్నరు అంకుల్?"

"నెలన్నర," అంది రజిని.

అందరికంటే ఎక్కువ అదిరిపడింది నేనే. "నీకెట్ల తెలుసు?"

"మొదటి వారమే నీకోసం కట్ట మీదికి పోయిన. నువ్వు లేవు. పిట్టలున్నయి. నీళ్ల మీద బొల్లికోళ్లు గుంపులు గుంపులున్నయి, నీ లిస్టుల ఒక్కటి లేదు. వాపసు వస్తుంటే గీ బెంచీ మీద కనబడ్డవు."

"ఆంటీ గా దినం సంది రోజూ మాతోనే నడుస్తుంది," అంది స్నిగ్ధ. "లిస్టు గూడ పెడుతది. ఇప్పటికి యాభై మూడు రకాలు. మీ బాతుల సంగతి చెప్పింది ఆంటీనే."

రజిని రోజూ నా కంట పడకుండా వెనక సందులో నుంచే చెరువుకు పోతోందని అప్పుడు అర్థమైంది.

"నన్నే అడిగితే అయిపోయేది గదా," అన్నాను గొణుగుతూ.

"అడిగితే ఇంకో బండి కాడికి పోతవు. షుగరుతోని మీ బాపు కాలివేలు తీసేసిన నాడు దవాఖాన మెట్ల మీద కూసొని ఏడ్చినవు. గది యాదికొచ్చి నువ్వే మానుతవేమోనని చూసిన."

నాకు మా నాన్న కాలికట్టు కళ్ల ముందు మెదిలింది. సిగ్గేసింది, భయమూ వేసింది. బాలనర్సయ్య ప్లేటు పట్టుకుని ఎదురొచ్చాడు. రజిని అందుకుని స్నిగ్ధ బృందానికి పంచింది.

నా నలభై బాతుల్నీ అక్కడికక్కడే కొట్టేయించారు. డాక్టర్ గడువు ఇంకా నెలన్నర ఉంది. ఇప్పుడు లిస్టు రజిని ఫోన్‌లో పెడుతుంది. పరిశీలకులు ఇద్దరు, దూరం నాలుగు కిలోమీటర్లు. సర్పంచ్ తీగ మీద నుంచి రోజూ పిలుస్తుంది, నేను తల వంచుకుని బండి దాటేస్తాను. దుర్భిణి కూడా ఆమె మెడలోనే ఉంది. కట్ట మలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగి, అందులో నుంచి ముందు నన్ను చూసుకుంటుంది. పక్షులు ఆ తర్వాతే.