కర్నూలు నుంచి కుట్లు

డాక్టరు ఎంత దూరంగా ఉంటే రోగికి అంత మంచిది! నవ్వకండి. దగ్గరుంటే చూస్తాడు. చూస్తే టెస్టులు రాస్తాడు. అవసరమా?

న్యూయార్కులో కూర్చున్న డాక్టర్లు, సముద్రం అవతల ఫ్రాన్సులో ఉన్న ఒకావిడ పిత్తాశయాన్ని రోబో చేతులతో తీసేశారని పేపర్లో చదివాను. యుద్ధభూమిలో కాలు పెట్టకుండానే సైనికుడికి ఆపరేషన్ చేయాలన్న ఆలోచనతో ఈ విద్య మొదలైందట. ప్రపంచమంతా ముక్కున వేలేసుకుంది. నేను వేసుకోలేదు. బేతంచెర్ల పక్కన మా ఊరికి ఈ విద్య ఏనాడో వచ్చింది! మా ప్రభుత్వాసుపత్రి డాక్టరు గారు కర్నూల్లో సొంత క్లినిక్కులో ఉంటారు. రోగులు మా ఊళ్లో ఉంటారు. మధ్యలో ఫోను ఉంటుంది.

సాక్ష్యం కావాలా? పోయిన నెల నాపరాళ్ల గనిలో భీమక్క చేతిమీద బండ జారిపడింది. రెండు వేళ్లు ఎముక కనిపించేలా చీలిపోయాయి. భర్త బొజ్జన్న ఆమెను ఆటోలో వేసుకొచ్చాడు. బీపీ చూపించుకుందామని వెళ్లిన నేను అక్కడే ఉన్నాను.

"డాక్టరు యాడమ్మా?" అని అరిచాడు బొజ్జన్న.

"ఫోన్లో ఉండాడప్పా" అంది నర్సు జ్ఞానమణి.

రోబో లేదు కనుక, రిసీవరును ఆమె చెవికి ఆనించి పట్టుకునే పని నాకు అప్పగించారు. వైద్యచరిత్రలో నా పాత్ర అంతే! డాక్టరు గారు చెబుతుంటే ఆమె కుడుతోంది. రెండో కుట్టు దగ్గర లైను తెగిపోయింది. నేను "హలో, హలో" అంటూ మళ్లీ నంబరు నొక్కబోయాను.

"పెట్టేయండి సార్. ఆయప్ప మాట్లాడతాంటే నా చెయ్యి వణుకుతాది" అంది జ్ఞానమణి.

"పనికి పోకుంటే పొయ్యి ఎలగదు. వేళ్లు నిలుస్తాయా తల్లీ?" అని ఏడ్చింది భీమక్క.

"నిలుస్తాయిలే అక్కా, కదలొద్దు" అంటూ జ్ఞానమణి మిగతా కుట్లన్నీ తానే వేసింది. ఆపరేషన్ చేసినవారి పేరు దగ్గర రిజిస్టరులో డాక్టరు గారి పేరే ఎక్కింది. సైన్సు పద్ధతి అది!

ఇప్పుడు ఆ వేళ్లు వంగుతున్నాయి, పిడికిలి పడుతోంది.

నిన్న కలెక్టరు గారు వస్తున్నారని తెలిసి డాక్టరు గారు స్వయంగా వేంచేశారు. తన గది ఏదో తెలియక వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నారు. చెయ్యి చూపించుకోవడానికి వచ్చిన భీమక్కకు జాలేసింది. బెంచీ మీద జరిగి చోటిచ్చింది.

"కూచోప్పా, శానా నొప్పిగా ఉండాదా? చీటీ రాయించుకో. మా జ్ఞానమణమ్మ చెయ్యి మంచిది!"