ఊరందరిలోకీ ధనవంతుణ్ణి

ఆదాయం అనేది నలుగురిలో మాట్లాడుకోదగ్గ విషయం కాదు! ఈ మాట ఏ చట్టంలోనూ లేదు గానీ, మా నూజివీడు మామిడి తోటల్లో ఇది చట్టం కంటే గట్టిది. చట్టాన్ని అప్పుడప్పుడూ ఎవరో ఒకరు అతిక్రమిస్తారు. దీన్ని అతిక్రమించినవాణ్ణి, నాకు తెలిసినంతలో, నేనొక్కణ్ణే. అందుకే నా ఇంటికి ఇప్పటికీ పైకప్పు లేదు.

మా వైపు తోట బేరం ఎలా జరుగుతుందో తెలియనివాళ్ళకు చెప్పాలి. అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా కూర్చుంటారు. మధ్యలో ఒక తువ్వాలు. దాని కింద ఇద్దరి చేతులూ ఉంటాయి. వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు, వేళ్ళు విదిలించి కాదనుకుంటారు. పైకి మాత్రం ఎండల గురించీ, అల్లుడుగారి రాక గురించీ మాట్లాడుకుంటూ ఉంటారు. చుట్టూ ఎంతమంది ఉన్నా అంకె ఎవరి చెవినా పడదు.

ఈ పద్ధతి బేరాలతో ఆగితే బాగుండేది. డెబ్బై ఎకరాల మామిడి తోట ఉన్న లక్ష్మీనరసింహారావుగారు ఇంటిఖర్చులకు భార్య చేతికి డబ్బిచ్చేటప్పుడు కూడా పైన తువ్వాలు కప్పుతారని ఊళ్ళో అంటారు. నేను చూడలేదు. చూసినా చెప్పను. ఆయన నా పాలసీదారు.

అవును, నేను బీమా ఏజెంటును. అంటే, అడగకూడని ప్రశ్న అడగడమే నా బతుకుతెరువు. లక్ష్మీనరసింహారావుగారిని మొదటిసారి ఆ ప్రశ్న అడిగిన రోజు నాకు బాగా గుర్తుంది.

"ఏడాదికి ఎంత వస్తుందండీ?" అన్నాను, ఫారం మీద కలం పెట్టి.

"రావడమా!" అన్నారాయన, గుండె మీద చెయ్యి వేసుకుని. "పోవడమే గానీ రావడం ఎక్కడయ్యా సుబ్రహ్మణ్యం? మందులు కొట్టించాలా, కాపలా పెట్టాలా, కోతుల్ని తోలించాలా! ఏదో పరువు కోసం తోట ఉంచుకున్నాను గానీ, లేకపోతే ఎప్పుడో కూలికెళ్ళేవాణ్ణి."

నాకు కళ్ళు చెమర్చాయి. అంతలో వాళ్ళబ్బాయికి సంబంధం మాట్లాడడానికి చింతలపూడి నుంచి పెద్దమనుషులు కారు దిగారు. ఆయన లేచి ఎదురెళ్ళి, చెయ్యి బారచాచి తోట చూపించారు.

"అబ్బే, మాకేముందండీ! ఆ కాలవగట్టు దాకా మాదే. గట్టవతల కనపడేది కూడా మాదే గానీ, దాన్ని మేం లెక్కలోకి తీసుకోమండీ!"

వచ్చినవాళ్ళు భక్తిగా తలలూపారు. ఎంత వస్తుందని వాళ్ళూ అడగలేదు, ఈయనా చెప్పలేదు. రెండువైపులా సంస్కారవంతులు! వాళ్ళు వెళ్ళాక ఆయన నా దగ్గర తీసుకున్న పాలసీకి కట్టే ప్రీమియం చూస్తే, కూలికెళ్ళవలసినవాడు నేనే అనిపించింది.

మా ఊళ్ళో ఎవరి ఆదాయం వాళ్ళకు తెలియదు. పక్కవాడిది మాత్రం పైసలతో సహా తెలుసు. అయినా పైకి అనరు.

ఇలా గౌరవంగా బతుకుతుండగా మేనెలలో గాలివాన వచ్చింది. అప్పటికి మండలాలు కొత్తగా పెట్టారు. కోతకొచ్చిన కాయ సగం నేల రాలింది. నాకున్న రెండెకరాల్లో రాలడానికి పెద్దగా ఏమీ లేదు గనక, గాలి మా ఇంటి మీద పడింది. పెంకులన్నీ ఎగిరిపోయాయి. కొన్ని బడి ఆవరణలో దొరికాయి, కొన్ని గోవిందమ్మగారి దొడ్లో దొరికాయి. ఒక్కటీ ముక్కలు కాకుండా లేదు. మా ఆవిడ రాజ్యలక్ష్మి వాసాల మీద టార్పాలిన్ కట్టించింది. అది కూడా పక్కూరి నుంచి అరువు తెచ్చింది. వానాకాలం వస్తే దాన్ని వాళ్ళకు తిరిగి ఇచ్చెయ్యాలి.

ఆ సమయంలో ప్రభుత్వం కరుణించింది. ఏడాదికి ఆరు వేల లోపు ఆదాయం ఉన్న బాధితులకు ఇంటికప్పు రేకులు ఉచితం! కొత్తగా వచ్చిన మండలాధికారి స్వయంగా వచ్చి విచారణ జరుపుతారని టముకు వేశారు.

"ఏవండీ," అంది రాజ్యలక్ష్మి ఆ ఉదయం, నా చొక్కా గుండీలు పెడుతూ. "అక్కడ అందరూ ఎంత చెప్తే మీరూ అంతే చెప్పండి. మీ సత్యం ఒలకబొయ్యకండి."

"నాకొచ్చేదే ఐదు వేల ఎనిమిది వందలు. హద్దు ఆరు వేలు. నిజం చెప్పినా రేకులొస్తాయి. అబద్ధం ఎందుకు దండగ?"

"నిజం చెప్తే వచ్చిన వస్తువు ఒక్కటి ఈ ఊళ్ళో చూపించండి," అని ఆవిడ పైకి చూసింది. పైన టార్పాలిన్ చిరుగులోంచి ఆకాశం కనపడుతోంది.

బడి వరండాలో బల్ల వేసి అధికారిగారిని కూర్చోబెట్టారు. కుర్రవాడు, ఈ ప్రాంతం కాదు, నిజాయితీ మీద బాగా నమ్మకం ఉన్నవాడు. లేచి గట్టిగా ప్రకటించాడు.

"ఇది బహిరంగ విచారణ! ఎవరూ చాటుమాటుగా చెప్పకూడదు. ఒక్కొక్కరూ లేచి, మీ ఏడాది ఆదాయం అందరికీ వినపడేటట్టు చెప్పండి!"

ఊరు ఊరంతా తల దించుకుంది. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అందరి ముందూ చొక్కాలు విప్పమన్నా అంత సిగ్గుపడి ఉండేవాళ్ళం కాదు.

ముందు వరస నుంచి లక్ష్మీనరసింహారావుగారు లేచారు. ఆయన ఒంటి మీద ఆ చిరుగుల చొక్కా నేనంతకు ముందెప్పుడూ చూడలేదు. మెల్లగా బల్ల దగ్గరికెళ్ళి, భుజం మీది తువ్వాలు తీసి పరిచి, దాని కింద నుంచి అధికారి చేతికోసం వెతికారు.

అధికారి ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఏంటిది? లంచమా?"

"అయ్యయ్యో, కాదండీ! ఆదాయమండీ!"

అధికారి తువ్వాలు లాగేశాడు. కింద నాలుగు వేళ్ళు చాచిన లక్ష్మీనరసింహారావుగారి చెయ్యి ఒక్కటే ఉంది, నలుగురి కళ్ళెదుటా. మేమంతా మొహాలు పక్కకు తిప్పుకున్నాం.

"నోటితో చెప్పండి!"

"నాలుగు వేల ఎనిమిది వందలండీ," అన్నారాయన నూతిలోంచి మాట్లాడినట్టు.

"డెబ్బై ఎకరాలున్నాయటగా?"

"ఎకరాలున్నాయండీ. ఆదాయమే లేదు."

ఒక్క అంకె బయటపడింది. అంతే! మా వాళ్ళకు పుట్టుకతో వచ్చిన విద్య వేలంపాట. అంకె వింటే ఊరుకోలేరు. కాకపోతే ఈ పాట పైనుంచి కిందికి మొదలైంది.

"నాలుగు వేలు!" అన్నాడు రెండు లారీల మీద హైదరాబాదుకు కాయ ఎగుమతి చేసే యలమంద.

"మూడే నాయనా!" అంది గోవిందమ్మగారు. "అందులో సగం కీళ్ళనొప్పుల మందులకే పోతుంది." ఆవిడ ఆ ఉదయమే తీసి దాచిన బంగారు గాజుల గుర్తులు రెండు చేతులకూ తెల్లగా ఉన్నాయి.

వెనక నుంచి ఎవరో రెండు వేలన్నారు. యలమందకు పౌరుషం వచ్చి మళ్ళీ లేచాడు. "అయ్యా, ఇందాక పొరపాటుగా చెప్పాను. పదిహేను వందలు రాసుకోండి!"

అధికారి కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. "ఇంత పచ్చటి తోటల మధ్య ఇంత దారిద్ర్యమా! సరే, ఎవరు చెప్పినదాని మీదైనా ఎవరికైనా అభ్యంతరం ఉందా?"

ఎవరూ పలకలేదు. పక్కవాడి ఆదాయం గురించి మాట్లాడటం తప్పు కదా! వాళ్ళందరి ప్రీమియాలూ నా నాలిక చివర ఉన్నాయి. కానీ నాకొచ్చే ఐదు వేల ఎనిమిది వందలూ ఆ ప్రీమియాల్లోంచే రావాలి. నేనూ సంస్కారవంతుణ్ణయ్యాను.

చివరికి నా వంతు వచ్చింది. ఆడవాళ్ళ వరసలోంచి రాజ్యలక్ష్మి నాకు రెండు వేళ్ళు చూపించింది. నేను చూడనట్టు గొంతు సవరించుకున్నాను.

"ఐదు వేల ఎనిమిది వందలండీ!"

వరండా అంతా గుసగుసలు బయల్దేరాయి.

"అమ్మో, అంతా!"

"పైకి కనపడడు గానీ, గట్టివాడే!"

"ఉంటే ఉండచ్చు. అందరి ముందూ అలా అరిచి చెప్పాలా? ఎంత పొగరు!"

ఆదాయం తక్కువ ఉన్నవాళ్ళకు ముందు, ఎక్కువ ఉన్నవాళ్ళకు తర్వాత. ఇది ప్రభుత్వ న్యాయం, ఎవరూ తప్పు పట్టలేరు. ఆ వరసలోనే రేకులు పంచారు. సరిగ్గా నా ముందు మనిషికి ఇచ్చేసరికి అవి అయిపోయాయి. నా ముందు మనిషి లక్ష్మీనరసింహారావుగారు.

"మీరు అర్హులేనండీ," అన్నాడు అధికారి జీపెక్కుతూ, నిజంగానే బాధపడి. "కానీ మీ ఊళ్ళో మీకంటే పేదవాళ్ళు ఇంతమంది ఉంటే నేనేం చెయ్యను?"

రాజ్యలక్ష్మి ఇంటికొచ్చీ రాగానే టార్పాలిన్ దించి చిరుగు కుట్టడం మొదలుపెట్టింది. నాకు ఆవిడ తిట్టినా బాగుండేదనిపించింది.

టార్పాలిన్ తిరిగి ఇచ్చేసిన మర్నాడే ఊరిపెద్దలు మా ఇంటికి వచ్చారు. లక్ష్మీనరసింహారావుగారు, యలమంద, గోవిందమ్మగారు. ఇల్లంతా ఆరుబయలే గనక, ఎక్కడ కూర్చోబెట్టాలన్న చింత లేకపోయింది.

"జాతర చందా మొదలుపెట్టాలయ్యా," అన్నారు లక్ష్మీనరసింహారావుగారు. "ఊళ్ళో అందరికంటే ఎక్కువ ఆదాయం ఉన్నవాళ్ళు మొదటి చందా వెయ్యడం ఆనవాయితీ. ఆ మనిషెవరో తేలకే ఏటా ఆలస్యమవుతోంది. ఇప్పుడు గవర్నమెంటువారే తేల్చేశారు."

"మీ చేత్తో మొదలవ్వాలండీ!" అన్నాడు యలమంద చేతులు జోడించి.

నేను నోరు తెరిచేలోగా వాన మొదలైంది. చినుకులు కాదు, ఒక్కసారే ధారలు! రాజ్యలక్ష్మి పరుపుచుట్ట నెత్తిన పెట్టుకుని బయటికి పరుగెత్తింది. మేమంతా వెనకే పరుగెత్తాం. దగ్గరలో తల దాచుకోదగ్గ చోటు లక్ష్మీనరసింహారావుగారి గొడ్లసావిడి ఒక్కటే.

సావిడికి కొత్త రేకులు వేయించారు. వాటి మీద వాన హోరుమని మోగుతోంది. ఒక్క చుక్క కిందికి రావడం లేదు. గేదెలు పొడిగడ్డి మీద పడుకుని హాయిగా నెమరు వేసుకుంటున్నాయి. రాజ్యలక్ష్మి వాటి మధ్య నిలబడి, పరుపు పిండుతూ, ఆ రేకుల వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. నాకు ఏడుపొచ్చింది.

"బాబాయిగారూ!" అన్నాను లక్ష్మీనరసింహారావుగారితో, ఉండబట్టలేక. "నేను ఆ రోజు చెప్పింది ముమ్మాటికీ నిజమండీ. నాకు వచ్చేదంతా అంతే!"

ఆయన నన్ను జాలిగా చూశారు. పక్కకు పిలిచి, గేదెలు కూడా వినకుండా గొంతు తగ్గించారు.

"నిజమే అయ్యుంటుందిలే, కాదనను. కానీ ఉన్నంత మాత్రాన నలుగురిలో చెప్పుకుంటారటయ్యా? నాకు నీకంటే ఇరవై రెట్లు ఎక్కువ వస్తుంది. నేనెప్పుడైనా నోరు జారానా?"