సంతకానికో సవరణ

ఆ బుధవారం పొద్దున కిరణ్మయి వేసుకున్న ప్లాను చిన్నదే. పదకొండింటికల్లా జాబితా మీద రెండు సంతకాలు, నాలుగింటికి ఫిన్లాండు క్లయింటుకు డెమో. డెమో బాగా జరిగితే ట్రైనీ ఉద్యోగం పర్మనెంటవుతుంది. లేకపోతే శుక్రవారంతో హైటెక్ సిటీకి నమస్కారం.

జాబితా అంటే, పార్శిల్ ఏ ఊళ్ళో ఉందో చెప్పే చీటీల కోసం మొదటి విడతగా కొన్ని ఫిన్లాండు ఊళ్ళ పేర్లు. ఆ దేశంలో మనిషి హెల్సింకిలో ఉంటాడు, టాంపెరే మీద ఉంటాడు. పేరు చివర ‘లో’ తగిలించాలా ‘మీద’ తగిలించాలా అన్నది ఏ ఊరికా ఊరే. క్లయింటు పాత చీటీలన్నీ తిరగేసి, మూడు వారాలు కళ్ళు పీక్కుపోయేలా కూర్చుని అన్నీ సరిగ్గా రాసింది పిచ్చిపిల్ల.

క్వాలిటీ చూసే రామ్మోహనరావు గారు ముప్ఫయ్యేళ్ళు ప్రభుత్వాఫీసులో చేసి వచ్చారు. సవరణ లేకుండా సంతకం పెడితే చదవలేదనుకుంటారని ఆయన బెంగ.

"ఏంటమ్మా ఈ కలగాపులగం? అన్నిటికీ ‘లో’ పెట్టేస్తే పద్ధతిగా ఉంటుంది కదా."

"అక్కడివాళ్ళు అలాగే అంటారండీ."

"అంటే అననీ" అంటూ ఆయన ఎర్ర సిరాతో దిద్ది సంతకం పెట్టారు.

మేనేజరు నారాయణప్పది కడప. పెద్దాయన దిద్దాక తను దిద్దకపోతే మేనేజరెలా అవుతాడు? "రాజధానికి ‘లో’, మిగతా ఊర్లకు ‘మీద’. ఇంతే కదమ్మా" అని పచ్చ సిరాతో దిద్ది తనూ సంతకం పెట్టాడు. పాపం కిరణ్మయి ఆ కాగితాలు తీసుకుని జాబితా కంప్యూటరుకెక్కించే ఈశ్వరయ్య దగ్గరికెళ్ళింది.

నాలుగింటికి స్పీకర్ ఫోన్లో క్లయింటు తరఫున పిర్కో అనే ఆవిడ, మెయిల్లో వచ్చిన నమూనా చీటీ చదివింది. "మీ పార్శిల్ టాంపెరేలో మీద ఉంది." తర్వాత నిమిషం పాటు నవ్వే వినిపించింది.

"ఇదేంటండీ?" అని పక్కనున్న ఈశ్వరయ్యతో గొణిగింది కిరణ్మయి.

"ఇద్దరు సార్లు సంతకం పెట్టిండ్రు. ఎవర్ని కాదంట? రెండూ ఎక్కించిన" అన్నాడు ఈశ్వరయ్య.

ఉద్యోగం ఎలాగూ పోయిందనుకున్నాక కిరణ్మయికి భయం పోయింది. "మేడమ్, తప్పు దిద్దుబాట్లలో ఉంది. నా అసలు జాబితా ఇప్పుడే పంపిస్తా. దీనికి రూలు లేదు, ఊరివాళ్ళు ఎలా అంటే అదే. మేమూ కోఠీలో అంటాం, ట్యాంక్‌బండ్ మీద అంటాం. ఎవరూ రూలు చూసుకుని అనరు."

జాబితా వెళ్ళింది. పిర్కో పది నిమిషాలు చదివింది. "ఇంతకుముందు మూడు కంపెనీలు రూలు వెతికి చేతులెత్తేశాయి. రూలు లేదన్నది నువ్వొక్కదానివే. మిగతా ఊళ్ళు కూడా నువ్వే చెయ్యాలి. ఇంకెవరూ ముట్టుకోకూడదు."

"నేనప్పుడే అనుకున్నా" అన్నారు రామ్మోహనరావు గారు.

పర్మనెంటు ఆర్డరు శుక్రవారమే చేతికొచ్చింది. పని ఏమిటంటే, మిగతా రెండొందల పైచిలుకు ఊళ్ళ ఆఫీసులకు మెయిలు రాసి, మీ ఊరిని మీరేమంటారని అడగడం. మొదటి జవాబు రావడానికి నెల పట్టింది. ఈ సంగతి తమ ఊళ్ళో ఇంకా తేలలేదనీ, వచ్చే ఏడాది కనుక్కోమనీ రాశారు.

అది చదివాక కిరణ్మయి ధైర్యంగా హైటెక్ సిటీ పక్కనే కొండాపూర్‌లో గది అద్దెకు తీసుకుంది.